గళ్ల కాగితంలో మిగిలిన పాట

సోమందేపల్లె బస్టాండులో కరపత్రాలు పంచుతుంటే, ధర్మవరం బస్సు దిగిన మా వీధి నేతగాడు నా భుజం పట్టుకున్నాడు. "ఏమప్పా, నువ్వు ఈడ ఉండావా. అట్టల మామ పొద్దున పోయినాడు. గుండె నొప్పంట."

కాగితాలు బెంచీ మీద వదిలేసి ఎదురు బస్సెక్కాను. దారి పొడవునా ఏడుపు రాలేదు. మామ మొదలుపెట్టిన పాట పూర్తి చేశాడో లేదోనన్న దిగులే పట్టుకుంది. అందుకు సిగ్గుపడుతూనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామ మా పక్కింటాయన. పట్టుచీర అంచులో బొమ్మలు పడేందుకు మగ్గం పైన తిరిగే అట్టలకు రంధ్రాలు కొట్టడం ఆయన పని. ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, గడి గడీ లెక్కబెట్టి కొట్టేవాడు. "ఒక్క గడి తప్పితే నెమలికి మెడ విరుగుతాది" అనేవాడు.

కిందటేడు బెంగళూరులోని బావమరిది, తను వాడేసి పక్కన పెట్టిన చిన్న కంప్యూటర్ ఒకటి ఆయనకిచ్చాడు. మీటల పెట్టె, అంతే. తెర కావాలంటే టీవీకి తగిలించాలి, రాసింది దాచాలంటే టేప్‌రికార్డర్‌కు. అంకెలు కొడితే స్వరాలు పలుకుతుంది. వాళ్లమ్మ రాట్నం తిప్పి కండెలకు దారం చుడుతూ తీసిన కూనిరాగాన్ని దానిచేత పలికించాలని మామ పట్టు. "అమ్మ పాయ. నా గొంతుకు రాదు. దీనికన్నా వస్తాదేమో చూస్తా."

నేను ఊరుకునేవాణ్ణి కాదు. "ఈ మిషన్లొస్తే మగ్గాలు మూలపడతాయి మామా. కరపత్రంలో రాసినారు."

"రాసినాయప్ప మగ్గం గుంతలో ఎప్పుడన్నా కూర్చున్యాడా?"

అడిగేటప్పుడు కూడా ఆయన ఒక కన్ను స్టెబిలైజర్ ముల్లు మీదే. కరెంటు పోతే అప్పటిదాకా కొట్టిందంతా మాయం. అందుకే నాలుగు స్వరాలు కుదరగానే క్యాసెట్‌లోకి ఎక్కించేవాడు. కాగితం మీద రాసుకోలేదు.

ఆ టేప్‌రికార్డర్‌నే నేను మీటింగుకని అడిగి తీసుకుపోయాను. అందులో ఉన్న క్యాసెట్ పెట్టి చూస్తే ఇత్తడి చెంబును ఇసుకతో తోమినట్టు ఒకటే కీచు. పాడైందనుకుని దాని మీదే మా నాయకుడి ఉపన్యాసం ఎక్కించాను. కంప్యూటర్ పాటను దాచుకునేది ఆ కీచులోనేనని నాకు తెలియదు.

మరునాడు మామ మీట నొక్కితే "సోదరులారా" అని వచ్చింది. చివరిదాకా విన్నాడు. "మీవోడు బాగా మాట్లాడినాడు. ఊపిరి పీల్చేదే తెలీదు" అన్నాడు.

తప్పొప్పుకోవాల్సింది పోయి నేను ఎగిరాను. "చీటీ అంటించుకోవాల్సింది నువ్వు మామా."

"కోపం ఉండాలప్పా. ఎవుని మీదో చూసుకో."

అంతే. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ సాయంత్రం ఇంట్లోని క్యాసెట్లన్నిటికీ, అత్త భజన పాటలతో సహా, ఇంకెవరూ పైన రికార్డు చేయకుండా వెనకున్న చిన్న ప్లాస్టిక్ పెచ్చులు విరగ్గొట్టాడు. గళ్ల కాగితం పరిచి, చీర బొమ్మలాగే పాటను స్వరానికో గడి చొప్పున మొదటి నుంచి గీయడం మొదలుపెట్టాడు. రోజూ పోయి పెన్సిళ్లు చెక్కి ఇచ్చేవాణ్ణి. ఒక్కో వరుస నిండుతుంటే లోపల కాస్త ఊపిరాడేది. క్షమించమన్న మాట మాత్రం నోరు దాటలేదు. ఎదుటివాడు చెప్పేది చివరిదాకా వినడమంటే ఏమిటో నాకు చూపించింది ఆయన. కరపత్రాల్లో ఎక్కడా దొరకలేదది.

కర్మలయ్యాక అత్త ఆ కాగితాలు నా ముందు పెట్టింది. "నాకేం తెలుసు నాయనా ఇవి. నువ్వే చూడు." సగం పేజీ దాకా గళ్లు నిండి ఉన్నాయి. మిగతా అంతా తెలుపు.

నిన్న మధ్యాహ్నం కరెంటు ఉండగా ఒక్కో గడినీ అంకెగా కొట్టాను. మీట నొక్కితే పాట వచ్చింది. వసారాలో అత్త తిప్పుతున్న రాట్నం దానితో కలిసి నడిచింది. గళ్లు అయిపోయాయి, పాట ఆగింది. రాట్నమూ ఆగింది.

"తర్వాత?"

"ఆడికే ఉండాది అత్తా."

ఆమె అంది: "మా అత్త ఈడ కొంచేపు నిలిచి, మళ్లా అందుకుంటాండె."

వచ్చినంతవరకు క్యాసెట్‌లోకి ఎక్కించాను. మిగతా పాటకు చోటుండాలని దాని పెచ్చులు విరగ్గొట్టలేదు. అత్త రాట్నం పిడి పట్టుకుని కళ్లు మూసుకుంది. నేను పెన్సిల్ తీసుకుని ఖాళీ గడి మీద పెట్టి కూర్చున్నాను. స్టెబిలైజర్ ముల్లు వణుకుతోంది.