జెరాక్సులో కలిసిపోయిన అన్నదమ్ములు

విత్తనం కోసం దాచుకున్న చెరుకు మడిని కత్తికి అప్పగించి, అప్పుడప్పుడే మాట కలిసిన అన్నదమ్ముల మధ్య మళ్లీ చిచ్చు పెట్టాలంటే ఎంత సరంజామా కావాలో మీకు తెలుసా? ఏమీ అక్కర్లేదు. ఒక కంప్యూటరు, రెండు రంగులు, తన తెలివి మీద గట్టి నమ్మకం ఉన్న ఒక ఆడపిల్ల చాలు. ఆ ఆడపిల్లను నేనే. నవ్వుకోండి, పర్వాలేదు. కానీ తప్పంతా నాదే అని మాత్రం చివరిదాకా వినకుండా తేల్చేయకండి.

అప్పుడు నేను హైదరాబాదులో డిజైన్ కోర్సు ముగించి వచ్చి, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్ పైగదిలో దుకాణం తెరిచాను. ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు, దుకాణాల బోర్డులు. నిజామాబాద్‌లో రంగులు ఎంచుకోవడం చేతనైన మనిషిని నేనొక్కదాన్నేనని నా అభిప్రాయం. కోర్సులో మా సారు ఒక మాట పదేపదే చెప్పేవాడు: "ఏ బొమ్మ వేసినా ఒకసారి రంగులు తీసేసి నలుపు తెలుపులో చూసుకోండి. అక్కడ కూడా తేడా తెలిస్తేనే మీ రంగులు సరిగ్గా కుదిరినట్టు." దానికి కంప్యూటర్లో ఒక మీట కూడా ఉంది. దాన్ని నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. రంగులు నేర్చుకుందామని అంత దూరం వెళ్లినదాన్ని, బూడిద రంగు చూసి మురిసిపోవాలా?

ఇక మా ఇంటి సంగతి. బోధన్ దగ్గర మా ఊళ్లో మా బాపుకీ, ఆయన తమ్ముడు కాకకీ పొలాలు పక్కపక్కనే. చెరుకు ఎక్కువ, పసుపు కొంచెం. పసుపు ఉడకబెట్టడం, ఎండబెట్టడం ఇద్దరికీ ఒకే కల్లంలో. సంచులు కలిసిపోకుండా బాపు ఎర్రదారంతో, కాక ఆకుపచ్చ దారంతో మూతులు కుట్టించేవారు. ఒక ఏడాది కాక తన సంచులతో పాటు ఎర్రదారం సంచులు కూడా బండికెత్తి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు.

"దారం కనవడలేదార నీకు?" అన్నాడు బాపు.

"కనవడ్డది. అయితే ఏంది?" అన్నాడు కాక.

ఆ "అయితే ఏంది"తో మాటలు బంద్. తోడబుట్టినవాడే దొంగతనం చేసి పైగా దబాయించాడని బాపుకు కడుపు మంట. దొంగ అన్నాడని కాకకు అంతకంటే పెద్ద మంట. చాలా కాలానికి అవ్వకు, అంటే మా అమ్మకు, ఆపరేషనైతే, కాక పిలవకుండానే వచ్చి ఆసుపత్రి వరండాలో పడుకున్నాడు. దాంతో మాట కలిసింది. కలిసిందంటే "తిన్నవా?" అంటే "తిన్న" అనేంతవరకే. అది కూడా చెడిపోతుందేమోనని అవ్వ రోజూ దేవుడికి దండం పెట్టుకునేది.

అదిగో అలాంటి సమయంలో చెరుకు కోతలు వచ్చాయి. కోసే ముఠా మహారాష్ట్ర నుంచి వస్తుంది. వాళ్లకు తెలుగు అక్షరాలు రావు. మా పొలాలు చూస్తే పంపకాల్లో ఒక మడి బాపుకు, దాని పక్కది కాకకు, మళ్లీ బాపుకు, మళ్లీ కాకకు. బాపు చెరుకు కోతకొచ్చింది. కాక చెరుకు లేతది, విత్తనానికి ఉంచుకున్నది, ముట్టుకోకూడదు.

"పటం గీసిస్త బాపు. రంగులు సూసి కోస్తరు," అన్నాను.

బాపుకు ఎరుపు, కాకకు ఆకుపచ్చ. ఎందుకంటే కోయాల్సింది ఎరుపు, వదలాల్సింది ఆకుపచ్చ. ఇంతవరకు నన్ను ఎవరూ తప్పుపట్టలేరు. అసలు తెలివి ఇక్కడ చూపించాను. ఒక రంగు మెరిసిపోయి ఇంకొకటి వెలవెలబోతే, "అన్నకు మంచి రంగేసి నాకు మాసిన రంగేసింది" అని కాక అనుకోడా? అందుకని రెండు రంగుల వెలుగూ సమానంగా ఉండేలా గంటలకొద్దీ కూర్చుని సరిచేశాను. వెంట్రుకవాసి తేడా లేదు. పంచాయతీ పెద్దలు కూడా అన్నదమ్ములకు అంత న్యాయంగా పంచి ఉండరు.

పటం తెచ్చి ఇద్దరికీ చూపించాను. "గీ ఎర్రయి బాపువి, కోయాలె. గీ ఆకుపచ్చయి నీయి కాకా, ముట్టొద్దు."

కాక కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. చెయ్యి చాచి దూరం పెట్టి చూశాడు. "మస్తున్నది బిడ్డా," అన్నాడు.

"తెలుస్తున్నదా?"

"తెల్వకేంది? సదువుకున్న పిల్లవు, నువ్వు చేసినంక మంచిగుండదా?"

నేను పొంగిపోయాను. బాపు నాకంటే ఎక్కువ పొంగిపోయాడు. ఎంతగా అంటే, బిడ్డ చేసిన పటం పొలంలో మట్టి కొట్టుకుపోవద్దని లామినేషన్ చేయించి ఇంట్లో గోడకు తగిలించాడు. ముఠాకు ఇవ్వడానికి బోధన్ బస్టాండు దగ్గర జెరాక్సు తీయించాడు. నలుపు తెలుపు జెరాక్సు.

రంగుకు పేరొకటి, వెలుగొకటి. జెరాక్సు మిషనుకు పేర్లు తెలియవు, వెలుగే తెలుస్తుంది. ఆ వెలుగును నేను వెంట్రుకవాసి తేడా లేకుండా సమానం చేసి పెట్టాను కదా. ఇక చెప్పేదేముంది? అన్నదమ్ములిద్దరూ ఒకే బూడిదలో కలిసిపోయారు.

నా పటం పనిచేయడం కళ్లారా చూద్దామని పొద్దున బస్సుకు ఊరికి వెళ్లాను. పొలం దగ్గరికి పోయేసరికి కాక విత్తనపు మడిలో సగం చెరుకు నేల మీద పడుకుని ఉంది. కాక ఒక గడ పట్టుకుని ముఠా మేస్త్రీ ముందు నిలబడ్డాడు. బాపు తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు. ఆయనకు ఏం చేయాలో తోచనప్పుడు చేసే పని అదే.

మేస్త్రీ నాకు కాగితం చూపించాడు. "సగళం ఏకచ్ ఆహే, తాయి." అంతా ఒకటే ఉందమ్మా అంటున్నాడు. నిజమే. కాగితం మీద మా పొలాలన్నీ వాన మబ్బు రంగులో ఉన్నాయి.

"అప్పటి సంచులకు ఇప్పుడు నా చెరుకా?" కాక బాపు వైపు తిరిగాడు. "పగ తీర్సుకున్నవా అన్నా?"

"నేనెందుకు తీర్సుకుంటరా? నీలెక్క ఎత్తుకపోయెటోన్నా నేను?"

అయిపోయింది. అవ్వ దండాలన్నీ నా జెరాక్సు పాలయ్యాయి. నా వల్ల ఈ ఇద్దరూ మళ్లీ జన్మలో మాట్లాడుకోరేమోనని నిజంగా భయమేసింది. మరి భయపడిన మనిషి ఏం చేయాలి? తప్పు ఒప్పుకోవాలి. నేను ఇంటికి పరిగెత్తి, గోడమీది లామినేషన్ పటం పీక్కొచ్చి అందరి ముందూ ఎత్తిపట్టాను.

"మిషన్ గుడ్డిదైతే నేనేం జేస్త? సూడుండ్రి. నా పటంల తప్పేడున్నదో జూపియ్యి కాకా. ఎర్రది ఎర్రగున్నది, ఆకుపచ్చది ఆకుపచ్చగున్నది. కండ్లు పెట్టి సూడు."

కాక కళ్లు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"దీంట్ల ఎర్రది ఏది?"

బాపు ఒక మడి మీద వేలు పెట్టాడు. "గిది ఏ రంగుర?"

"మట్టి రంగు."

"గిది?"

"గదీ మట్టి రంగే. రెండు ఒక్కతీరే ఉన్నయి గద."

గట్టు మీద నిలబడ్డ కాక భార్య, మా చిన్నమ్మ, కొంగుతో నోరు మూసుకుంది. "గందుకేనా? ఎర్ర గాజులు తెమ్మంటే ఆకుపచ్చయి తెచ్చి, గవ్వే ఎర్రయని నాతోని లొల్లి వెట్టుకున్నడు."

బాపు చేతిలో తలపాగా ఆగిపోయింది. "అంటే... గా సంచుల దారం?"

కాక తల వంచుకున్నాడు. "కనవడలేదంటే నవ్వుతరని కనవడ్డదన్న."

"గిన్నేండ్లు దొంగ అనిపిచ్చుకున్నవు గాని, గీ మాట చెప్పలేకపోయినవా?"

"నువ్వు దొంగ అన్నంక ఇంకేం చెప్తనే?"

బాపు గట్టు మీద కూలబడి, కాక చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరి కళ్లూ తడిసాయి. నావి కూడా. కాసేపటికి బాపే లేచి, పడిన చెరుకును ముక్కలుగా నరికించి ఆ వారంలోనే ఇద్దరి ఖాళీ మడుల్లో నాటించాడు. విత్తనమంతా కాకది, పొలంలో సగం బాపుది. ఎవరి వాటా ఎంతో ఇప్పటికీ ఎవరూ పటం గీయమని నన్ను అడగలేదు.

మరుసటి పసుపు కాలానికి నేనే దారాలు మార్చాను. బాపుకు తెలుపు, కాకకు నలుపు. జెరాక్సు తీసినా చెక్కుచెదరని రంగులు. అయినా ఆ ఏడాది ఒక తెల్లదారం సంచి కాక బండెక్కింది.

"దారం కనవడలేదార?" అన్నాడు బాపు.

"సక్కగ కనవడ్డది. ఈసారి తెలిసే ఎత్తుకపోతున్న," అన్నాడు కాక. బాపు ఇంకో తెల్లదారం సంచి తెచ్చి బండిమీద వేశాడు.

కాబట్టి పాఠకులారా, మా కల్లం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెళ్లికార్డు నుంచి పళ్ల డాక్టరు బోర్డు దాకా ఏది చేసినా ముందు ఆ మీట నొక్కి బూడిదలో చూస్తాను. తర్వాత వాట్సాప్‌లో కాకకు పంపి, ఆయన "తెలుస్తున్నది" అంటే నమ్మకుండా, ఏది ఏదో వేలుపెట్టి చూపించమంటాను. ఎరుపునూ ఆకుపచ్చనూ ఒకే వెలుగులో పక్కపక్కన కూర్చోబెట్టే పాపం ఈ జన్మలో మళ్లీ చేయను. అవ్వ మాత్రం కాకకు క్షమాపణ చెప్పమని ఇప్పటికీ అంటుంది. చెప్పను. ఆ మీట ఆరోజే నొక్కి ఉంటే, మా కాక ఇంకా దొంగగానే ఉండేవాడు.