నేను చెరిపేసిన గుర్తు

మట్టి మీద ఒక టెన్నిస్ బంతి వదిలిన గుర్తును నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకే ఒక్కోసారి నవ్వొస్తుంది. బంతి గుర్తు ఎంతుంటుంది? అరచేతిలో సగం కూడా ఉండదు. నీళ్ళు చల్లితే పోతుంది, చీపురు లాగితే పోతుంది. నా దగ్గర మాత్రం పోలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర ఎన్నోసార్లు నోరు తెరిచి, టీ చల్లారిపోతోందనో బస్సుకు టైమవుతోందనో మాట మార్చేశాను. నిన్నటి నుంచి మాత్రం అది కుదరడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికైనా పోవాలనిపిస్తోంది. వంటింట్లోకి పోయి ఎందుకొచ్చానో మర్చిపోయి వెనక్కి వస్తున్నాను. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు ఫ్యాను రెండుసార్లు ఆపి మళ్ళీ వేశాను.

సరే. మొదటి నుంచి చెబుతాను.

మాది నంద్యాల. మా నాయనకు బజారులో ఎరువుల కొట్టు. నాతో ఆడే ఓబులమ్మది ఆళ్లగడ్డ, సేద్యం చేసే ఇల్లు. మా ఊళ్ళో ఒక డ్రిల్లు మాస్టారు రిటైరయ్యాక ఊరికే ఉండలేక, మూతబడిన జిన్నింగు మిల్లు ఆవరణలో టెన్నిస్ కోర్టు వేశాడు. మా నల్లరేగడి ఈ ఆటకు పనికిరాదు, ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే కాలు ఊడిరాదు. అందుకని ప్యాపిలి వైపు నుంచి ఎర్రమట్టి తోలించి, దిమ్మిస కొట్టించి, రోజూ నీళ్ళు చల్లించేవాడు. నేను సైకిలు మీద పోయేదాన్ని. ఓబులమ్మ ఆళ్లగడ్డ నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చేది. బస్సు దిగి, బ్యాటు భుజాన వేసుకుని, నన్ను చూడగానే "ఏమ్మే శెట్టమ్మా, లేసినావా, నిద్దర్లోనే వస్తివా?" అని మొదలుపెట్టేది. కొట్టువాళ్ళ పిల్లనని నన్ను శెట్టమ్మా అని పిలిచే మనిషి లోకంలో అదొక్కతే.

మా మిల్లు కోర్టులో అంపైరు లేడు. ఒక పద్ధతి ఉండేది. బంతి ఎవరి వైపు పడితే తీర్పు వాళ్ళదే. బయట పడిందంటే ఆ గుర్తు చుట్టూ బ్యాటు కొనతో గుండ్రంగా గీయాలి. అనుమానమొస్తే అవతలిమనిషి నెట్టు దాటి వచ్చి చూసుకోవచ్చు. నేను ప్రతిసారీ దాటిపోయి, వంగి, అటు నుంచీ ఇటు నుంచీ చూసేదాన్ని. కొట్టులో పెరిగిన బుద్ధి, ఏం చేస్తాం! "సూసుకో శెట్టమ్మా, తూకం సరిపోయెనా?" అని అది పడీపడీ నవ్వేది. అది మాత్రం నా వైపు గుర్తు చూడ్డానికి ఒక్కసారి కూడా రాలేదు. నేను గీస్తే గీసినట్టే. ఎందుకంత నమ్మింది? నేనడగలేదు. దాని నమ్మకం నాకు సులువుగా ఉండేది.

ఆటలో అది నాకంటే మేలు. ఈ మాట అప్పట్లో నా నోటి నుంచి వచ్చేది కాదు. నేను బంతిని మధ్యలోకి, భద్రంగా, తిరిగి కొట్టేదాన్ని. ఓబులమ్మకు గీతలంటేనే ఇష్టం. మూల కనిపిస్తే చాలు, మోచెయ్యి పైకెత్తి లాగి కొట్టేది. బంతి గీతను రాసుకుంటూ పోతే, "పాయె పాయె!" అని తనే అరిచేది, బస్సు వెనక పరిగెత్తేవాళ్ళ లాగా. మాస్టారు దాన్ని చూసే చూపు వేరు. నాకు అది తెలుసు. మండిపోయేదాన్ని. మండిపోతూనే దాని డబ్బాలో బొరుగుల ఉగ్గాణి తినేదాన్ని.

ఆ ఏడు మా ఊరికి మొదటిసారి పెద్ద పోటీలు వచ్చాయి. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ. ఆటే బతుకుదెరువుగా ఉన్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి దిగారు. కొత్త మట్టి కోర్టులు, గీతల చోట సున్నానికి బదులు నేలకు మేకులతో దిగ్గొట్టిన తెల్లటి పట్టీలు, షామియానాలు. ముందు అర్హత మ్యాచ్‌లు ఆడిస్తారు, అవి గెలిచినవాళ్ళకే అసలు పోటీలో చోటు. మేమిద్దరం గెలుచుకుంటూ వచ్చాం. చివరి మ్యాచ్ మా ఇద్దరికే పడింది.

అంతకుముందు రోజు ఓబులమ్మ నాయన పురుగుమందు కోసం మా కొట్టుకొచ్చాడు. మా నాయనతో మాట్లాడుతూ, నేను వింటుండగానే అన్నాడు. "ఈ తూరి మా పాప లోపలికి పాయెనా, ఎంత దూరమైనా పోనీ అన్నా, నేను అడ్డం రాను. పోలేదా, ఇంగ చాలు. ఎన్నాళ్ళు తిరుగుతాది ఎండల్లో? బ్యాటు అటకెక్కిచ్చి సదువుకుంటాది." ఆయన చెడ్డవాడు కాదు. కూతురికి ఒక గడువు పెట్టాడు, అంతే. ఆ గడువు రేపటి మ్యాచ్ అని నాకు తెలిసింది. విని, గల్లాపెట్టె పక్కన కూర్చుని, వేయించిన శెనక్కాయ బుడ్డలు నమిలాను.

అర్హత మ్యాచ్‌లకు గీతల దగ్గర ఎవరూ నిలబడరు. మా మిల్లు కోర్టు పద్ధతే అక్కడా రూలు. మన వైపు పడిన బంతికి మనమే తీర్పు, గుర్తు చూపించాలి, కావాలంటే అవతలిమనిషి దాటి వచ్చి చూడొచ్చు, తేడా వస్తే రెఫరీని పిలవొచ్చు. ఎదుటిమనిషి ఒప్పుకోకముందే గుర్తు చెరిపితే ఆ పాయింటు వదులుకున్నట్టే. ఒప్పుకున్నాక ఎవరేం చేసినా అడిగేవాడు లేడు.

చెరొక సెట్టు గెలిచాం. మూడో సెట్టు చివరికొచ్చింది. గెలవడానికి ఓబులమ్మకు ఇంకొక్క పాయింటు చాలు. మా బజారువాళ్ళంతా అరుగు మీద కూర్చున్నట్టు వరసగా కూర్చుని ఉన్నారు. మా అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఉంది. బంతి అటూ ఇటూ చాలాసేపు తిరిగింది. ఓబులమ్మ నన్ను కుడివైపుకు లాగి లాగి, ఎడమ మూల ఖాళీ చేసి, మోచెయ్యి పైకెత్తింది. ఎక్కడ కొడుతుందో నాకు తెలుసు. తెలిసినా అందలేదు. బంతి నా వెనక మూలలో పడిపోయింది.

"ఔట్!"

ఆ మాట నేనే అన్నాను. అక్కడిదాకా నన్ను నేను క్షమించుకోగలను. పరిగెత్తుతున్నాను, ఆయాసం, కళ్ళలో చెమట, నోరు జారింది. అందరికీ జారుతుంది. తర్వాత దగ్గరికి పోయి చూశాను. పట్టీని ఆనుకుని గుర్తు ఉంది. నిండుగా లేదు. కొరికిన అప్పచ్చిలాగా సగమే ఉంది. మిగతా సగం పట్టీ మీద పడిందన్నమాట. మట్టి కోర్టులో పెరిగిన ఎవరైనా ఒక్క చూపులో చెబుతారు, అది లోపలి బంతి. దానికి జానెడు వెనక ఇంకో గుర్తు ఉంది, నిండుగా, గుండ్రంగా. ముందు గేములో ఓబులమ్మ బంతి ఒకటి గీత దాటి పొడుగు పోయింది, అప్పటిది.

ఓబులమ్మ నెట్టు దగ్గరికి వచ్చి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"గుర్తు ఉండాదా శెట్టమ్మా?"

"ఉండాది."

"ఎంత బయట?"

"జానెడు."

ఇప్పుడైనా నెట్టు దాటి వస్తుందేమో అనుకున్నాను. రావాలనీ అనుకున్నాను, నిజంగా. వస్తే నేను బయటపడిపోయి బతికిపోయేదాన్ని. బ్యాటు కొనతో ఆ పాత గుర్తు చుట్టూ గీశాను. బొమ్మ గీసినంత నిదానంగా గీశాను. నోరు జారింది సరే, ఈ చెయ్యి కూడా జారిందా?

"నువ్వు గీస్తివంటే ఇంగేముందిలే. ఆడుదాం పా" అని వెనక్కి తిరిగింది.

అది అటు తిరగ్గానే బూటుతో అసలు గుర్తును రుద్దేశాను. ఒక్కసారే. దుమ్ము లేచింది, అంతే.

ఆ తర్వాత ఓబులమ్మ గీతల వైపు కొట్టలేదు. నా మీద కోపం లేదు దానికి, తన మీద తనకే అనుమానం వచ్చింది. బంతులన్నీ మధ్యలోకి వచ్చాయి. మధ్యలోకి వచ్చే బంతులంటే నాకేం కష్టం? గెలిచాను. నెట్టు దగ్గర నన్ను గట్టిగా వాటేసుకుని, "పోయి బాగా ఆడుమే, ఆళ్లగడ్డకు గూడా పేరు రావల్ల" అంది. అసలు పోటీలో మొదటి మ్యాచ్‌లోనే, అన్నం ఉడికేలోపు ఓడిపోయి వచ్చాను. ఆ మాత్రం దానికి!

ఆ మొదటి బస్సులో ఓబులమ్మ మళ్ళీ రాలేదు. దాని నాయన మాట మీద నిలబడ్డాడు. నాకు మాత్రం పెద్ద పోటీల్లో ఆడినదన్న పేరు పనికొచ్చింది. ఉద్యోగమొచ్చింది, ఆ తర్వాత అంపైరునయ్యాను. ఏ ఊళ్ళో మట్టి కోర్టు పోటీలు జరిగినా కుర్చీ దిగి, గుర్తు చూసి, లోపలో బయటో చెప్పే పని నాది. మేడం చూసిందంటే తిరుగు లేదు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఒంటి మీద జెర్రి పాకినట్టుంటుంది. ఒక్కొక్క గుర్తు దగ్గర కావలసినదానికంటే ఎక్కువసేపు వంగి ఉంటాను. జాగ్రత్త అనుకుంటారు. నేను దేనికోసం వెతుకుతున్నానో వాళ్ళకేం తెలుసు?

ఓబులమ్మ చదువుకుని ఆళ్లగడ్డలోనే ఒక బడిలో పీఈటీ అయింది. ఆడపిల్లలకు టెన్నిస్ నేర్పుతుంది. మట్టి కోర్టు కూడా వేయించింది. చూడు, బాగానే ఉంది కదా, నా వల్ల దానికి పోయిందేముంది, అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. రోజుకొకసారి చెప్పుకోవాల్సి వచ్చేది. నిజమైతే అన్నిసార్లు ఎందుకు చెప్పుకుంటాను?

ఇప్పుడు నిన్నటి సంగతి.

నంద్యాలకు మళ్ళీ పోటీలు వచ్చాయి. ఓబులమ్మ తన పిల్లలను వ్యానులో తీసుకొచ్చింది. వాళ్ళలో ఒకమ్మాయికి అర్హత మ్యాచ్‌లో ఆడే అవకాశం వచ్చింది. నాకప్పుడు డ్యూటీ లేదు, నిలబడి చూశాను. ఆ పిల్ల మోచెయ్యి పైకెత్తడం చూసి ఉలిక్కిపడ్డాను, అచ్చం ఓబులమ్మే. మూల ఖాళీ అవుతోంది, చెయ్యి లేస్తోంది, చివరి క్షణంలో బంతి మధ్యలోకి వస్తోంది. మళ్ళీ మళ్ళీ అంతే. ఓడిపోయింది.

షామియానా కింద పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఓబులమ్మ బనగానపల్లె మామిడిపండ్లు కోస్తోంది. ఓడిన పిల్ల మెల్లగా అంది, "మేడమ్, ఆ మూల ఖాళీగా ఉండె. కొట్టల్ల అనిపిచ్చె."

"కొట్టకుండా మంచి పని చేస్తివి" అంది ఓబులమ్మ. నన్ను చూసి చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఈ మేడమ్ మీద గెలిచే మ్యాచి పోగొట్టుకుంటి నేను. ఏమిటికీ? గీత మీద కొట్టల్లని ఆశకు పోతి. అందుకే చెప్తాండా, గీతకు మూరెడు లోపలే కొట్టండి. ఎంత బయట పడెనో నువ్వే చూపీ శెట్టమ్మా ఈళ్ళకు."

పిల్లలందరూ నా వైపు తిరిగారు. ఇదే సమయం. ఇంతకంటే మంచి సమయం నాకు ఈ జన్మలో రాదు. నా చెయ్యి పైకి లేచింది. బొటనవేలూ చిటికెన వేలూ చాచి, జానెడు చూపించాను.

"అబ్బో, అంతనా!" అని నవ్వారు పిల్లలు. ఓడిన పిల్ల నవ్వలేదు. నా చేతినే చూసి, అర్థమైందన్నట్టు తలూపింది. ఓబులమ్మ కత్తి మీద మామిడి ముక్క పెట్టి నా నోటికందించింది. తిన్నాను. ఛీ, తిన్నాను.

అప్పుడు ఒక మనిషికి అన్యాయం చేశాను అనుకుంటూ ఉన్నాను ఇన్నాళ్ళూ. అది అక్కడ ఆగలేదు. ఆళ్లగడ్డలో ఎంతమంది పిల్లలు నా అబద్ధాన్ని పాఠంగా నేర్చుకుని, ఖాళీగా ఉన్న మూలను చూసి చెయ్యి దించుకుంటున్నారో నాకు తెలియదు.

ఓబులమ్మకు చెబుతానా? ఆళ్లగడ్డ ఎంత దూరమని, గంటలో పోయి నిలబడొచ్చు. చెబుతానని మీకు మాటిస్తే నమ్మకండి, నిన్నటి నా సంగతి చూశారుగా. అది తిడుతుందని భయం లేదు. "పోనీలే శెట్టమ్మా" అంటుందేమోనని భయం. మీరు కూడా ఆ మాట అనకండి. అనేవాళ్ళు కావాలని రాయలేదు. ఎందుకు రాశాను మరి? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ గుర్తును ఉన్నచోట ఉన్నట్టు చెప్పి చూద్దామని. ఇదిగో, చెబుతున్నాను.

ఓబులమ్మా, నీ బంతి బయట పడలేదు. గీత మీదే పడింది. సగం పట్టీ మీద, సగం మట్టిలో. నువ్వు సరిగ్గానే కొట్టావు.