కప్పలు దూకని సాయంత్రం

నా చిన్నప్పుడు మా తోటలోని దొరువు దగ్గరికి ఎవరు వెళ్ళినా ముందుగా కప్పలకు తెలిసేది. ఇసుకలో అడుగు పడీ పడకముందే గట్టు మీద కూర్చున్నవన్నీ బుడుంగు బుడుంగుమని నీళ్ళలోకి దూకేవి. ఆ చప్పుడు మాకు ఎంత అలవాటంటే, అది వినిపిస్తున్నదన్న సంగతే మాకు గుర్తుండేది కాదు.

నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరు దాటి సముద్రం వైపు వెళ్తే మా ఊరు. అక్కడ నేలంతా ఇసుక. బావి తవ్వే పని లేదు. మనిషి లోతున ఇసుక తోడితే చాలు, తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఆ గుంటనే దొరువు అంటాం. ఏటవాలుగా లోపలికి దిగి, రెండు చేతులా రెండు కుండలు ముంచుకుని, పైకి వచ్చి వంగమొక్కలకూ దోసపాదులకూ పోసేవాళ్ళు. మా తోటకూ పక్కతోటకూ మధ్య తాటిమట్టల కంచె ఉండేది కానీ, దొరువు మాత్రం రెండు ఇళ్ళకూ ఒకటే. తాగడానికీ అవే నీళ్ళు. సముద్రం ఒడ్డున జాలర్లుండే పల్లెపాలెంలో నీళ్ళు ఉప్పగా ఉంటాయని అక్కడి ఆడవాళ్ళు కూడా పొద్దున్నే బిందెలు తీసుకుని మా దొరువుకే వచ్చేవాళ్ళు.

సాయంత్రం నీళ్ళు పొయ్యడమంటే సగం పని, సగం కబుర్లు. కంచెకు ఇటు మా అవ్వ, అటు పక్కతోట మామ. పురిటికి పుట్టింటికొచ్చిన ఆయన కూతురు, నేను అక్కా అని పిలిచేదాన్ని, ఒక్కోసారి నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చి నిలబడేది. నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పిల్లను కాదు. దోసపందిరి కింద కథల పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. చదువుతున్నానని వాళ్ళనుకునేవాళ్ళు. పుస్తకంలో ఒక పేజీ చదివితే, వాళ్ళ మాటలు పది పేజీలు వినేదాన్ని.

ఆ యేడు ఉగాదికి ముందే గాలి మారిపోయింది. దక్షిణపు గాలి పగలంతా ఇసుకను ఎత్తి ఆకుల మీద పోస్తూనే ఉంది. చెట్లకు కొత్త చిగుళ్ళు వచ్చాయి కానీ, ఒక సాయంత్రం తోటలో ఏదో తెలియని నిశ్శబ్దం. మామూలుగా బీరపూల మీద వాలే తుమ్మెదలు ఆ సాయంత్రం ఒక్కటీ లేవు. నేనది చూశాను కానీ, దాని అర్థం నాకు తెలియదు.

"ఏం గాలబ్బయ్యా ఇది! ఉగాది ఇంకా రానేలేదు, అప్పుడే వడగాలి మాదిరి కొడతా ఉండాది" అంది అవ్వ.

"ఈ యేడు మంచే లేదు పెద్దమ్మా. మంచు లేకపోతే పురుక్కి పండగే" అన్నాడు మామ.

"నీ అల్లుడి మాదిరి. పిలవకుండానే వచ్చి కూర్చుంటాది."

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "నా మొగుణ్ణి పురుగుతో పోలుస్తావా అవ్వా! పురుగే నయం, కూరలో ఉప్పు చాల్లేదని అలగదు."

పురుగు మాట వచ్చింది గనుక మామ ఇంకాస్త దగ్గరికి జరిగాడు. మా వంగతోటను ఆ యేడు కాయతొలిచే పురుగు సగం తినేసింది. బూడిద చల్లినా పోలేదు. టౌనులో ఏదో కొత్త మందు దొరుకుతుందట, తెమ్మని అవ్వే నెల్నాళ్ళుగా మామ ప్రాణం తీస్తోంది. ఆయన నెల్లూరు వెళ్ళి తెచ్చాడు. ఆ మధ్యాహ్నమే కుండలో కలిపి, వేపమండతో రెండు తోటలకూ చల్లాడు. ముక్కులో సూదిలా గుచ్చుకునే ఆ వాసన పందిరి కింద నాకూ తెలుస్తూనే ఉంది.

"రేప్పొద్దున చూడు పెద్దమ్మా, ఒక్క పురుగు కనబడితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు ఆయన.

ఇంతలో అక్క చిన్న కడవ ముంచుకుని పైకి వచ్చింది. నిండు నెలల మనిషివి మొయ్యబాకే అని అవ్వ కేకలేస్తే, "మా అమ్మే నడవమంటా ఉండాది గదవ్వా" అంటూ చంకన పెట్టుకుని ఇంటి దారి పట్టింది. గాలికి ఆమె కొంగు ఎగురుతుంటే చూస్తూ అవ్వ కాసేపు నిలబడింది. తర్వాత, కబుర్లలో ఆలస్యమైన నీళ్ళ పనికి కుండలు తీసుకుని దొరువులోకి దిగింది.

దిగి, అక్కడే ఆగిపోయింది.

నేను తల ఎత్తి చూశాను. అవ్వ కుండలు ముంచడం లేదు. ఒక కాలు నీటి అంచున ఉంది. ఆ కాలు తీసి మళ్ళీ గట్టిగా తొక్కింది. ఏ చప్పుడూ లేదు. గట్టు వెంబడి రెండడుగులు నడిచింది. అప్పటికీ ఏదీ దూకలేదు. తుంగ మొదట్లో తెల్లటి పొట్ట ఒకటి పైకి తేలి, నీళ్ళతో పాటు మెల్లగా కదులుతోంది. దాని పక్కన ఇంకొకటి.

"అబ్బయ్యా, మందు కలిపిన కుండ యాడ కడిగినావు?" అని అడిగింది. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"యాడ కడగతా పెద్దమ్మా, రోజూ కడిగేచోటే" అని ఆయన నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆయనను తప్పుపట్టడానికి లేదు. మా తోటల్లో బూడిద కలిపిన కుండైనా, పేడనీళ్ళ కుండైనా దొరువు అంచునే కడిగేవాళ్ళం. తెల్లారేసరికి ఇసుక అంతా పీల్చుకుని నీళ్ళు మళ్ళీ తేటపడేవి. ఇసుక కడగలేనిది ఒకటి ఉంటుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు.

అవ్వ చేతిలో కుండలు ఉన్నచోటే జారిపోయాయి. ఆమె పరుగెత్తడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. పుస్తకం పారేసి నేనూ వెనకే పరుగెత్తాను.

పక్కింటి వాకిట్లో దూడ తొట్టిలో మూతి పెట్టి తాగుతోంది. అక్క అరుగు మీద కూర్చుని ఉంది, పక్కన కడవ, చేతిలో చెంబు. అవ్వ చేత్తో చెంబును ఒక్క దెబ్బ కొట్టింది, మోకాలితో కడవను తోసింది. కడవ అరుగు మీదినుంచి పడి పగిలి, నీళ్ళు వాకిలంతా పారాయి.

లోపలి నుంచి మామ భార్య, నేను అత్తా అని పిలిచే ఆమె, వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "ఏం పొయ్యేకాలం వచ్చింది నీకు! నిండు చూలాలి ముందర నిండుకడవ పగలగొడతావా!"

"కళ్ళు తిరిగినాయి మే, తగిలింది" అంది అవ్వ. అని, వంగి చెంబు తీసిస్తున్నట్టు అక్క చెవి దగ్గర అడిగింది: "తాగినావా?"

"లేదవ్వా. దూడకి పోసినా. ఇప్పుడే గొంతు తడుపుకుందామని..."

అవ్వ నన్ను ఇంటికి పంపి, పొద్దున పట్టిన నీళ్ళు తెప్పించి, అక్క చేతులూ మూతీ తనే కడిగింది. అత్త తిడుతూనే ఉంది. అవ్వ తలవంచుకుని ఆ తిట్లన్నీ పడింది.

తెల్లవారేసరికి దూడ కాళ్ళు చాపేసి పడివుంది. మామ దాని పక్కన కూర్చుని ఉన్నాడు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని, వేపమండలు విరిచి, పసుపూ కుంకుమా తీసుకుని దొరువుకు వెళ్ళింది. గట్టు చుట్టూ మండలు గుచ్చి, రాయికి పసుపు పూసి, దారికి అడ్డంగా కూర్చుంది.

పల్లెపాలెం ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ అడిగింది: "ఏందక్కా ఇది, మండలు కట్టినావే?"

"అమ్మవారు దిగింది మే. ఆ ఇంట్లో దూడని తీసుకుంది. ఈ నీళ్ళు ముట్టుకోబాకండి."

ఒక చిన్నది మెడ చాచి, "నీళ్ళు అద్దం మాదిరి ఉండాయి గదా" అంది. పెద్దావిడ దాని చేతి మీద ఒక్కటి వేసింది. తుంగలోకి చూసింది. కంచె అవతల చనిపోయిన దూడ దగ్గర కూర్చున్న మామను చూసింది. తర్వాత మా అవ్వ ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్ళుంటాదక్కా ఆ తల్లి?"

"వానలొచ్చి పొయ్యేదాకా."

ఆవిడ చెంపలు వేసుకుని అందరినీ వెనక్కి తిప్పింది. దూరమైనా సరే, అవతలి దొరువుకు నడిచారు. ఆవిడకు అసలు సంగతి తెలిసిపోయిందో, నిజంగానే భయపడిందో నాకు ఇప్పటికీ తెలియదు.

వాళ్ళు వెళ్ళాక అవ్వను అడిగాను, మందు పడిందని చెప్పొచ్చు కదా అని. ఆ రోజుల్లో నేను ఎవరినైనా ఎదురు ప్రశ్న అడగడం అరుదు. అవ్వ నీళ్ళ వైపే చూస్తూ చెప్పింది.

"ఇంత తేటగా ఉండే నీళ్ళు జూపించి చస్తారంటే ఎవురు నమ్ముతారమ్మీ? మందు పురుక్కి గదా అంటారు. ఎవుడో ఒకడు ముంచి తాగి చూపిస్తాడు. నమ్మినోళ్ళేమో కర్రలు తీసుకుని అబ్బయ్య మీదికి పోతారు. ఆ మందు తెమ్మన్నది నేను."

ఆ సాయంత్రం అవ్వ నిజంగానే అమ్మవారికి దీపం పెట్టి, పేరు వాడుకున్నందుకు లెంపలేసుకుంది. మర్నాడు కాయలతో సహా వంగమొక్కలన్నీ పీకి గుంట తీసి పూడ్చింది. మామ ఎవరినీ సాయం పిలవకుండా ఒక్కడే పార పట్టుకుని దొరువును ఇసుకతో నింపాడు. తోట అవతలి కొసన, ఎగువన ఇంకొకటి తవ్వాడు. మాట్లాడే మనిషి కాస్తా మూగవాడైపోయాడు. కంచె దగ్గర సాయంత్రం కబుర్లు ఆగిపోయాయి.

అత్త అవ్వతో మాటలు మానేసింది. పగిలిన కడవ ఆమె మనసులోంచి పోలేదు. కూతురికి కాస్త నడుం పట్టేసినా కంచె అవతలి నుంచి మాకు వినబడేలా అవ్వను శపించేది. అవ్వ ఒక్క మాట చెప్తే ఆ శాపాలు ఆగిపోయేవి. చెప్పలేదు. ఆ ఇంట్లోంచి చిన్న మూలుగు వినిపించినా చేతిలో ముద్ద కంచంలో పెట్టేసేది. చేతులు కడిగించాం, నోట్లోకి చుక్క పోలేదంది, కానీ ఆ మధ్యాహ్నం? కుండ ఎప్పుడు కడిగాడు? కడిగింది ఆ ఒక్కసారేనా? ఈ లెక్కలన్నీ అవ్వ లోలోపల వేసుకునేదని నాకు తెలిసేది. పుస్తకం అడ్డం పెట్టుకుని నేనూ అవే వేసుకునేదాన్ని.

ఉగాది వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆ ఇంట్లో నొప్పులు మొదలయ్యాయి. అవ్వ కంచె పక్కన ఎండలో నిలబడింది, లోపలికి పిలవరని తెలిసీ. చాలాసేపటికి గట్టిగా, కోపంగా ఒక పసిపిల్ల ఏడ్చింది. అవ్వ ఉన్నచోటే ఇసుకలో చతికిలబడింది.

కాసేపటికి కంచె మీదుగా అత్త గొంతు వచ్చింది. "ఆడపిల్ల! తల్లీ బిడ్డా బానే ఉండారు. ఇప్పుడొచ్చి పగలగొట్టు కడవ!"

"వస్తా ఉండా మే" అంటూ అవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. మామ వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆమె లోపలికి వెళ్తుంటే వంగి ఆమె కాళ్ళు తాకాడు. మనవరాలు పుట్టిన సంబరమనుకుంది అత్త.

కొత్త దొరువులోకి కప్పలు వానల తర్వాత గానీ రాలేదు. మొదటిది దూకిన సాయంత్రం అవ్వ కుండలు కింద పెట్టి, ఇంకొకటి దూకేదాకా వేచి చూసింది.

ఇప్పుడు నాకు అవ్వ వయసు వచ్చింది. మేడ మీద కుండీల్లో నాలుగు వంగమొక్కలు పెంచుకుంటాను. పక్కింటమ్మాయి పిట్టగోడ మీదుగా ఎండల గురించీ, అత్తగారి గురించీ, ఆకుల మీద పేనుబంక గురించీ చెబుతూ ఉంటుంది. నవ్వుతూ వింటాను. వింటూనే, గోడ మీద పిచుకలు ఉన్నాయా అని చూస్తాను. ఊరికి వెళ్ళినప్పుడు ఏ నీళ్ళ దగ్గర అడుగుపెట్టినా వెంటనే చెయ్యి ముంచను. ఇసుకలో కాలు గట్టిగా తొక్కి, బుడుంగుమని ఏదైనా దూకేదాకా అక్కడే నిలబడతాను.