సాయం చెయ్యకుండా కూర్చోవడం

మా ఇంట్లో ఇప్పుడు ఏ పనీ గబగబా జరగదు. నాలుగు బఠాణీ కాయలు ఒలవాలంటే పూట గడిచిపోతుంది, అందులో సగం గింజలు గిన్నెలోకి, సగం గచ్చు మీదకి. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నేను ఎదుటి మనిషి మాట పూర్తి చేసేలోపే జవాబు చెప్పేసే రకాన్ని. నడక కూడా అంతే, నాతో బజారుకి రావడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. అలాంటిదాన్ని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని మా ఆయన కాయ ఒలవడం చూస్తూ కూర్చుంటున్నాను. హాయిగానే ఉంటుంది. కాకపోతే ఈ హాయి ఊరికే రాలేదు.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తాను. స్టీలు ప్లాంటులో రిటైరై గాజువాకలో ఇల్లు కట్టుకుని, ఇక కాలు మీద కాలేసుకుని కూర్చుందామనుకునేసరికి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది. కాలు కొన్నాళ్ళకి దారిలోకొచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. కళ్ళప్పగించి చూస్తూ, మనసులో గట్టిగా అనుకుంటే వేళ్ళు కాస్త కదిలేవి. తాకినా, గిల్లినా తెలిసేది కాదు. “నాది కాదే ఇది, ఎవుడిదో తెచ్చి అతికించినట్టుంది” అనేవాడు. ఆ చెయ్యి మళ్ళీ మా బావది కావాలి. మా ఇంట్లో మిగతా కోరికలన్నీ దాని తరవాతే.

నా వంతు నేను ఒళ్ళు వంచి చేశాను. స్నానం, చొక్కా బొత్తాలు, అన్నం కలిపి ముద్దలు పెట్టడం, అన్నీ నేనే. ఆ కుడి చేతిని పసిపాపలా తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టేదాన్ని. చూడ్డానికొచ్చినవాళ్ళంతా ఎంత బాగా చూసుకుంటున్నావమ్మా అని మెచ్చుకునేవారు. నేనూ లోలోపల పొంగిపోయేదాన్ని.

అప్పుడు సీతమ్మధారలోని ఒక క్లినిక్కు నుంచి ఫిజియోథెరపీ అమ్మాయి స్కూటీ మీద రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు ఏమీ చేయించకుండా నేను చేసే సేవలన్నీ కాసేపు చూసింది. ఆ తరవాత, “ఆంటీ, ఇక మీరు అంకుల్‌కి సాయం చెయ్యడం మానెయ్యాలి” అంది. ఆ పిల్లకి కాఫీ కూడా ఇవ్వకుండా పంపేద్దామనిపించింది. తను మాత్రం నొచ్చుకోకుండా కూర్చుని విడమరిచి చెప్పింది. మెదడులో ఆ చేతిని నడిపే చోట కొంత దెబ్బతింది, అది బాగవదు. కానీ దాని చుట్టూ ఉన్న భాగం ఆ పని నేర్చుకోగలదు, అయితే పని పడితేనే నేర్చుకుంటుంది. అంతా నేనూ, ఎడమ చెయ్యీ కలిసి చేసేస్తుంటే దానికి నేర్చుకునే అవసరం ఏముంది? హైవే మూసేసినప్పుడు మన షేర్ ఆటోలు సందుల్లోంచి దారి చేసుకుంటాయి చూడండి, తిరిగేకొద్దీ ఆ సందే రోడ్డయిపోతుంది, ఇదీ అంతే అంది. గాజువాక మనిషికి ఇంతకన్నా బాగా చెప్పడం కుదరదు.

ఆమె పెట్టిన పద్ధతి ఇంకా ఘోరంగా తోచింది. బాగున్న ఎడమ చేతిని కట్టెయ్యాలట. రోజంతా కాదు, నడిచేటప్పుడు అసలు కాదు, కుదురుగా కూర్చున్న కొన్ని గంటలు. కుడి వేళ్ళు కాస్తయినా కదులుతున్నాయి కాబట్టే ఇది పనికొస్తుందట. అటక మీద బావ ప్లాంటు రోజుల తోలు గ్లౌజులు దొరికాయి. ఒకటి ఎడమ చేతికి తొడిగి మణికట్టు దగ్గర కట్టేశాం. రబ్బరు బంతి నొక్కమంటే బావకి ఒళ్ళుమంట. తనకి నిజంగా కావలసిన పనే మళ్ళీ మళ్ళీ చెయ్యాలి అంది ఆ అమ్మాయి. మా బావకి తిండి కన్నా కావలసిన పని లోకంలో లేదు.

మొదటిరోజు కంచంలో ఉన్నంత అన్నం చొక్కా మీదా ఉంది. ముద్ద పైకి లేస్తుంది, నోటి దగ్గరకొచ్చి విడిపోతుంది. నా చేతులు వాటంతటవే లేస్తుంటే తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికైనా ఏదైనా చేసిపెట్టడం నాకెప్పుడూ కష్టం కాలేదు. చెయ్యకుండా చూస్తూ కూర్చోవడం అంత కష్టమని అప్పుడే తెలిసింది.

ఒకటీ అరా ముద్ద నోటిదాకా చేరుతుంటే, మా రొట్టె విరిగి నేతిలో పడిందని నేననుకుంటున్న వారంలో మా వదిన, అంటే బావ అక్క, శ్రీకాకుళం నుంచి రైలెక్కి దువ్వాడలో దిగింది. బావని చిన్నప్పుడు చంకనేసుకు తిరిగిన మనిషి. వచ్చేసరికి తమ్ముడు ఒక చేతికి గ్లౌజుతో, ఒంటి నిండా మెతుకులతో కనిపించాడు.

“ఏటే పిల్లా ఇది? తమ్ముడి సెయ్యి కట్టేసి, ఎదర కూకుని సూత్తన్నావా?” అంది.

నా జవాబు వినలేదు. గ్లౌజు ఊడదీసి అవతల పారేసింది. పప్పన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. బావ కిక్కురుమనకుండా నోరు తెరిచాడు. నాకు వదిన మీదకన్నా ఆ తెరిచిన నోటి మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా వంటింట్లో గిన్నెలతో మాట్లాడాను, వీధి చివర దాకా వినబడే ఉంటుంది.

సాయంత్రం బావ గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వచ్చాడు. ఆ గ్లౌజు నా ముందు పెట్టాడు.

“కట్టు” అన్నాడు. “అక్క పెట్టిన ముద్ద బాగానే ఉంటాది. నాను అడిగీది ముద్ద కాదు కదే.”

ఆ మాట గుమ్మంలో నిలబడ్డ వదినా విన్నది. అయినా ఊరికి తిరిగి వెళ్ళలేదు. తినిపించకూడదని ఒప్పుకుంది, వడ్డించకూడదని మాత్రం ఎవరు చెప్పినా వినేది కాదు. భోజనాల వేళ తమ్ముడి అవస్థ చూడలేక గోడవైపు తిరిగి కూర్చునేది. కంచం కాస్త ఖాళీ అయిన చప్పుడు వినగానే లేచి గరిటెతో వచ్చేసేది.

చొక్కా మీద పడే మెతుకులు తగ్గాయి. అయినా నా భయం నాకుంది. ప్రతి ముద్దకీ ముందు బావ ఒక్క క్షణం ఆగి, ఆ చేతివైపు చూసి, పనిమనిషిని పిలిచినట్టు పిలిచేవాడు. పిలిస్తే వచ్చేది. పిలవకుండా ఎన్నటికీ రాదేమో, ఇక ఇంతేనేమో అని రోజూ అనుకునేదాన్ని. పైకి మాత్రం అనలేదు.

ఒక ఆదివారం ముగ్గురం భోజనాల దగ్గరున్నాం. బావ ఎడమ చేతికి గ్లౌజు ఉంది. ఊళ్ళో ఎవరిదో పొలం గట్టు తగాదా గురించి వదిన చెబుతోంది, బావ అడ్డం తగిలి తప్పంతా అవతలివాడిదేనని వాదిస్తున్నాడు. మాటల్లోనే వదిన పొయ్యి మీద నుంచి చారు గిన్నె తెచ్చి ఇంకో గరిటె వంచింది. బావ వాదన ఆపలేదు, కంచం వైపు చూడలేదు. కుడి చెయ్యి దానంతటదే లేచి కంచం మీద అడ్డంగా వాలింది. చారు సూటిగా చేతి మీద పడింది.

“అబ్బా” అని బావ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

బావ ఎర్రబడుతున్న ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, సంతోషంతో. వదిన ఒక్కతే గరిటె పారేసి, తనని తాను తిట్టుకుంటూ, చన్నీళ్ళ కోసం పరిగెత్తి చెంబుతో తెచ్చింది.

బావ చెయ్యి ఇవ్వలేదు. కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతున్నాడు.

“ఉండక్కా, కాసేపు మండనీ” అన్నాడు.