లడాక్‌లో మనకెవురుండారప్పా?

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేమీ కాదు, ఫోన్లో లడాక్ వీడియోలు చూస్తూ కంచంలో అన్నం చల్లారబెట్టుకున్న రోజుల్లో, మగవాడి విలువ వాడి బండిలో ఉంటుందని నేను గట్టిగా నమ్మేవాణ్ని. నా ఈడువాళ్లు కొందరు ఊరు దద్దరిల్లే బండ్లు కొన్నారు. కొందరు ముందుకు వంగి తోలే బండ్లు కొని, కొన్నాళ్లకే ఇంట్లోవాళ్లతో నడుముకు మందు రాయించుకున్నారు. నేను బుద్ధిమంతుణ్ని. విత్తనాల కంపెనీలో కొత్తగా చేరి కోయిలకుంట్ల చుట్టుపక్కల ఊళ్లు తిరిగే ఉద్యోగం నాది. అందుకని చూసి చూసి ఒక టూరింగ్ బండిని ఎంచుకున్నాను. ధర మన జేబుకు అందేదే. నిటారుగా కూర్చోవచ్చు, నడుము పట్టదు. పెద్ద ట్యాంకు, మంచి మైలేజీ, గతుకుల్లో ఎంత ఎగిరినా కిక్కురుమనదు. ముందు గాలి ఆపే అద్దం, వెనక రెండు వైపులా తాళం వేసుకునే పెట్టెలు. ఆ పెట్టెల్ని చూస్తేనే నాకు హిమాలయాలు కనిపించేవి. (వాటిలో తర్వాత ఏమేం కనిపించాయో మీరే చూస్తారు.)

ఇటు పొలానికీ పోతుంది, అటు లడాక్‌కీ పోతుందని మా నాయనను ఒప్పించబోయాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటూ, “లడాక్‌లో మనకెవురుండారప్పా?” అన్నాడు. ఆయన లెక్కలో ప్రయాణమంటే పెళ్లికో, చావుకో, ఆస్పత్రికో. ఊరికే చూసి రావడానికి అంతదూరం పోయే మనిషిని ఆయన ఎరగడు. నా దగ్గర జవాబు లేదు గానీ, బండి మాత్రం ఇంటికొచ్చింది.

వచ్చిందే గానీ, తోలడానికి లేదు. మా క్రైస్తవుల ఇళ్లలో కుట్టుమిషను వచ్చినా, బోరు మోటారు వచ్చినా, ముందు పాస్టరయ్య ప్రార్థన చెయ్యాలి. మా పాస్టరయ్య ప్రార్థన వస్తువుతో మొదలై సంఘంలో ఎవరికి ఏ కష్టముందో అంతదూరమూ పోతుంది. ఆయన బండి సీటు మీద చెయ్యి పెట్టి, “ప్రభువా, ఈ వాహనము మీద నీ బిడ్డలు ఆస్పత్రులకు వెళ్లి క్షేమముగా తిరిగి వచ్చులాగున కృప చూపుము” అన్నాడు. మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ నంద్యాల డాక్టరు దగ్గరికి పోవాలన్నాడు. సండే స్కూలు పిల్లల పుస్తకాలు ఆ పెట్టెల్లోనే రావాలన్నాడు. కంటి ఆపరేషన్ కావలసిన మా మేనత్త, ఇంతవరకు చూడనివన్నీ కళ్లారా చూడాలన్నాడు. నేను కళ్లు మూసుకుని అప్పటికే మంచుకొండల్లో మలుపులు తిరుగుతున్నాను. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా, ఎంత త్వరగా ముగిస్తే అంత మేలని, అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను.

మర్నాడు పొద్దున్నే మోకాళ్ల పెద్దమ్మ చేతిసంచితో వాకిట్లో కూర్చుంది. యాడికి పెద్దమ్మా అంటే, “నంద్యాలకు. ఆమెన్ అని అరిస్తివి గదప్పా నువ్వే” అంది. దేవుడి ముందు ఒప్పుకుని మాట తప్పే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. ఇక అంతే. ఆదివారం చర్చి మైకుసెట్టు నా పెట్టెలోనే, కంపెనీ పని మీద పత్తికొండకు పోతే అందరి ఇళ్లకూ టమోటాలు నా పెట్టెలోనే. ఊరి పొలిమేర దాటితే చాలు, “ఏమప్పా లడాకప్పా, యాడికి పోతాండావు?” అని పలకరింపులు.

అట్లాంటి రోజుల్లో కర్నూలులోని ఒక బైకుల గుంపు నన్ను పిలిచింది. వేసవిలో వాళ్లు లడాక్ పోతున్నారు, ఒక్కరికి చోటుంది. శనివారం గండికోటకు బండి మీద వస్తే, తోలే తీరూ సామాను సర్దిన తీరూ చూసి తీసుకుంటామన్నారు. నేను జాకెట్టు కొన్నాను, మోకాళ్లకు కవచాలు కొన్నాను, బండిని అద్దంలా తుడిచాను. శుక్రవారం సాయంత్రం పాస్టరయ్య నవ్వుతూ వచ్చాడు. మొన్న ఆపరేషన్ చేసిన అత్త కంటి కట్టు శనివారమే జమ్మలమడుగులో విప్పుతారట. దారిలోదే కదా, ఆమెను ఆస్పత్రిలో దింపి నేను కోటకు ఎక్కిపోవచ్చు అనుకున్నాను.

ఎడమ పెట్టెలో అత్త సజ్జరొట్టెలూ శనగపచ్చడీ పెట్టింది. కుడి పెట్టెలో కాళ్లు కట్టిన కోడిపెట్టను కూర్చోబెట్టి, గాలాడేటట్టు మూతకు పుల్ల అడ్డం పెట్టింది. అది డాక్టరుకు. కన్నిచ్చినోని దగ్గరికి ఒట్టి చేతుల్తో పోతారా అంది. సంజామల, నొస్సం దాటుతుంటే ప్రతి ఊళ్లోనూ మొదట నా జాకెట్టును చూసి, తర్వాత కోడి తలను చూసి జనం నవ్వారు. డాక్టరు కట్టు విప్పి నల్ల కళ్లద్దాలిచ్చాడు, కోడిని మాత్రం దండం పెట్టి తిప్పి పంపాడు. నేను గండికోటకు పోవాలని చెప్పేసరికి అత్త, “ఈడ నేనొక్కదాన్నే ఏం చేసేది? పా” అంటూ నాకంటే ముందే బండి దగ్గరికి నడిచింది.

కోట దగ్గర బండ్లన్నీ వరసగా నిలబెట్టి ఉన్నాయి. గుంపు పెద్దను అందరూ కెప్టెన్ అనేవాళ్లు. ఆయన నా బండి చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు. ఇంత బరువుతో ఈ బండి ఇంత సులువుగా ఎక్కిందా అన్నాడు. వానకోటు, పనిముట్లు చూపించమన్నాడు. ఎడమ పెట్టె తెరిస్తే రొట్టెలు. కుడి పెట్టె తెరిస్తే కోడి తల ఎత్తి కెప్టెన్ ముఖంలోకి చూసింది. వెనక ఎవరో పగలబడి నవ్వారు. మంచివాడు కాబట్టి ఆయన నవ్వలేదు, వచ్చే ఏడు చూద్దాం బ్రదర్ అని నా భుజం తట్టాడు. అంత పెద్ద జాకెట్టులో నేను చాలా చిన్నవాణ్నయిపోయాను.

ఈలోగా అత్త లోయ అంచుకు పోతోంది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. ఎర్రటి రాతిగోడల మధ్య, ఎక్కడో అడుగున పెన్న పారుతోంది. అత్త నల్ల కళ్లద్దాలు ఎత్తి చూసింది, దించి చూసింది. బతుకంతా శనగ చేలల్లో వంగి పనిచేసిన మనిషి. “ఇంత దగ్గర్లో ఇది ఉండాదని నాకెవురూ చెప్పలేదే” అంది. తర్వాత కెప్టెన్ వైపు తిరిగి, మీరంతా యాడికి పోతాండారని అడిగింది. లడాక్‌కు అవ్వా, కొండలూ లోయలూ చూడటానికి, అన్నాడాయన.

“ఇది చూసినాక గూడానా?” అంది అత్త.

కాసేపటికి అందరూ బండల మీద కూర్చుని ఆమె రొట్టెలు తింటున్నారు, కెప్టెన్ పచ్చడి మళ్లీ అడిగి వేయించుకున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడ్డ నాకు నవ్వే వచ్చింది. చాలా సంతోషంగా కూడా అనిపించింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. ఘాటు దిగుతుంటే అత్త నా చెవి దగ్గర, “మళ్లా ఎప్పుడప్పా?” అంది. యాడికత్తా అన్నాను. “యాడికైనా. కండ్లు కొత్తవి గదా, వాడుకోవాల.”

వాళ్లు లడాక్ పోయొచ్చారు. మేం బెలుం గుహలకు పోయాం, సిద్ధవటం కోటకు పోయాం, అవుకు చెరువు గట్టున సజ్జరొట్టెలు తిన్నాం. (కోడి మాతో రాలేదు, గుడ్లు పెట్టే పనిలో పడింది.) ఇప్పుడు నాకు కారుంది, కొంచెం పొట్ట ఉంది. ఆ జాకెట్టు చలికాలంలో పొలానికి పోయేటప్పుడు మా నాయన వేసుకుంటాడు. బండి మాత్రం ఇంకా ఒక్క మీటకే లేస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, ఇక అక్కర్లేదని డాక్టరు ఎప్పుడో చెప్పిన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అత్త బయటికొస్తుంది. ఇప్పుడు అరుగు పక్కకు తెచ్చి ఆపితే గానీ ఎక్కలేదు. ఆమె నా భుజం పట్టుకుని సర్దుకుని కూర్చునేదాకా ఇంజను ఆడిస్తూ ఉన్నప్పుడు, ఆనాటి జాకెట్టు కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. పాపం, నాయన అడిగినదానికి వాడి దగ్గర జవాబు లేదు. లడాక్‌లో మనకెవరూ లేరు నాయనా, బండెక్కేవాళ్లంతా ఇక్కడే ఉన్నారు.