తోడు పెళ్ళికొడుకు

అక్క పోయింది. మొన్న పొద్దున ఆమె కూతురు ఫోన్ చేసి ఆ ఒక్క మాటా చెప్పి, ఇంకేమీ మాట్లాడలేక పెట్టేసింది. అక్క నాకు రక్తసంబంధం కాదు. నేను ప్రేమించిన మనిషికి అక్క. నన్నూ ఇంటి మనిషిగా చూసింది మాత్రం ముందు ఆవిడే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సౌదీలో, అల్ ఖోబార్‌లోని అజీజియాలో, అక్క వాళ్ళ పై అంతస్తులో ఉండేవాణ్ణి. అక్క బందరు మనిషి, ఆసుపత్రిలో నర్సు. నోరు పెద్దది. "ఒరేయ్ ఇంజినీరూ, అన్నం మాడిన వాసన మా ఇంటిదాకా వస్తోంది!" అని మెట్ల మీంచే తిట్టి, వెనకాలే కూర పంపేది. శుక్రవారం మాత్రం కర్టెన్లు దించి, గొంతు తగ్గించి ప్రార్థన చేసుకునేది. అక్కడ క్రైస్తవ ప్రార్థన బయటికి తెలిస్తే నేరం మరి.

ఈద్ సెలవులకి నజ్రాన్‌లో పనిచేసే అక్క తమ్ముడొచ్చాడు. ఆ సెలవుల్లోనే మేమిద్దరం ప్రేమలో పడ్డాం. సముద్రం ఒడ్డున నడుస్తూ చెయ్యి తగిలితే చాలు, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకునేవాళ్ళం. పట్టుబడితే ఉద్యోగం పోవడం చిన్న సంగతి. జైల్లో కూడా వేస్తారు. సరిగ్గా అప్పుడే అక్క తమ్ముడి పెళ్ళి పనుల్లో పడింది. బందర్లో పిల్ల కుదిరింది, తేదీ చెప్పడమే తరువాయి. నన్ను తోడు పెళ్ళికొడుకుగా ఉండమంది. అతని సూటు గుడ్డతోనే నేనూ సూటు కుట్టించుకుని చర్చిలో అతని పక్కన నిలబడాలన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ముగ్గురం పాకిస్తానీ దర్జీ దగ్గరకెళ్ళాం. ఒకే గుడ్డ, రెండు సూట్లు. "దూల్హా కౌన్?" అన్నాడతను, పెళ్ళికొడుకెవరని.

"దోనో," అన్నాడు తమ్ముడు. ఇద్దరమూ అని! నోరు జారింది.

టేపు ఆగింది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలెత్తారు. అక్క గట్టిగా నవ్వేసి, "మా వైపు పద్ధతి భాయ్, తోడుండేవాణ్ణి కూడా దూల్హా అనే అంటాం. కొలవండి," అని హిందీలో దబాయించింది.

ఇంటికొచ్చాక తలుపు గడియ పెట్టింది. నవ్వు లేదు. తమ్ముడి వైపు తిరిగింది.

"మీ ఇద్దరి సంగతి ఆ పిల్లకి చెప్పావట్రా?"

"లేదక్కా."

"మరి దాని బతుకేం కావాలనుకున్నావు?"

నేనే అన్నాను, "ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇండియా వెళ్ళిపోతానక్కా. భయంగా ఉంది."

"భయం గురించి నాకు చెప్తావేంట్రా? ప్రార్థన కూడా కర్టెన్లు దించుకుని చేసుకుంటున్నదాన్ని. మీది తప్పో ఒప్పో నాకు తెలీదు, దేవుణ్ణే అడుగుతాను. ఆ పిల్లని మాత్రం మోసం చెయ్యనివ్వను."

అంతలో ఫోన్ మోగింది. బందరు నుంచి వాళ్ళమ్మ, పెళ్ళి తేదీ కోసం. అక్క రిసీవర్ తీసింది.

"పెళ్ళి లేదమ్మా. నేనే వద్దన్నాను. వాణ్ణేమీ అనకు, అనేదేదో నన్నను."

ఆ తల్లి చాలా ఏళ్ళు కూతురితో మాట్లాడలేదు. అసలు కారణం అక్క ఎవరికీ చెప్పలేదు. మేమిద్దరం ఈ రోజుకీ ఒక ఇంట్లో ఉన్నామంటే ఆవిడ చలవే.

ఆ మధ్యాహ్నం మాత్రం నా కళ్ళముందు నుంచి పోదు. ఫోన్లోంచి తిట్లు మాకూ వినిపిస్తున్నాయి. అక్క రిసీవర్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, చెంపల మీద కన్నీళ్ళు కారుతుండగా, రెండు కంచాల్లో అన్నం వడ్డించి, తినండని మాకు కళ్ళతోనే సైగ చేస్తోంది.