నీళ్లకుక్క ఫోటో

ఏ ఏటి ఒడ్డునో చెప్పను. నిన్న పొద్దున ఆ నీచువాసన తగలగానే కాళ్లు ఆగిపోయాయి. బండ మీద చేప పొలుసులు కలిసిన నల్లటి పెంట ఇంకా తడి ఆరలేదు. తలెత్తితే మడుగు మధ్యలో చదునైన తల ఒకటి నీళ్లను చీల్చుకుంటూ పోతోంది. ఫోన్లో నాలుగు ఫోటోలు తీశాను. మూడు మసకగా వచ్చాయి, నాలుగో దాంట్లో మీసాలు కూడా కనబడుతున్నాయి. ఇన్నేళ్ల తర్వాత నీళ్లకుక్కను చూస్తే సంతోషం కన్నా ముందు భయం వేసింది.

నా చిన్నప్పుడు మాది బద్వేలులో శెట్ల అంగడి. ముందు బెల్లం అచ్చులు, చింతపండు బుట్టలు, ఎండుమిరప బస్తాలు, వెనక గదిలో పురుగుమందులు. ఇంట్లో నీచు వండరు కాబట్టి చేప వాసన ఎలా ఉంటుందో కూడా నాకు అప్పటికి తెలియదు. ఉగాది నాటికి సగిలేరు ఎండిపోయి మా మామిడితోట కింద ఒక్క మడుగు మిగిలేది. పండగ మర్నాడు మా జేజి వెంట, అంటే నాయనను కన్న తల్లి వెంట, పిందెలు ఏరడానికి పోయినప్పుడు అక్కడే వాటిని చూశాను, తల్లీ నాలుగు పిల్లలూ. నీళ్లకుక్కలని జేజి చెప్పింది. కుక్కలే కదా అని నెయ్యి కారే ఓళిగలు, అంటే బొబ్బట్లు, విసిరాను. అవి కన్నెత్తి చూడలేదు. కుక్క ఓళిగ తినకపోవడమేమిటని నాకు ఒకటే దిగులు.

సాయంత్రం వల దారం కోసం నరసింహులు మామ అంగడికి వస్తే ఆయననే అడిగాను, నీళ్లకుక్కలు ఏం తింటాయని.

"యాడ చూస్తివి పాపా?"

అడిగిందే తడవు, మడుగు, కలబంద పొద, దాని కింది బొరియ, పిల్లల లెక్కతో సహా అన్నీ చెప్పేశాను. ఆయన దారం మాట మాని గుళికల మందు అడిగాడు.

"వరికేనా నరసింహులూ?" అన్నాడు నాయన.

"వరికేలే శెట్టీ."

లోపలి నుంచి పొట్లం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది నేనే. ఎండాకాలం ఆ మడుగులోని చేపలే ఆయనకు కూడు, వాటిని తినేసి వల చింపేదాని మీద జాలి పడమని ఆయనకు ఇప్పుడైనా చెప్పలేను. మూడోరోజు ఐదూ ఇసుకలో పడి ఉన్నాయి, మందు కూరిన చేప ఇంకా ఒకదాని నోట్లోనే ఉంది. నా ఓళిగలకు చీమలు పట్టాయి. జేజి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నువ్వు చెప్పినావని ఎవురితోనూ అనొద్దు" అంది.

నిన్న భుజాన వల వేసుకుని ఒకాయన గట్టు దిగుతుంటే అదంతా ఒక్కసారి మీదికి వచ్చింది. సీసాలో నీళ్లు బండ మీద పోసి, ఆ పెంటను అరచేతులతో గీకి ఏట్లోకి తోసేశాను.

"ఏమక్కా, ఏం ఫోటో తీస్తాండావు?"

"ఏం లేదప్పా, ఊరికే నీళ్లు."

ఆయన కాసేపు మడుగు వైపు చూసి వెళ్లిపోయాడు. ఆ అంగడి లేదు, తోట ప్లాట్లయింది, సగిలేటి మడుగును ఇసుక ట్రాక్టర్లు తవ్వేశాయి, జేజీ లేదు. ఆ నాలుగు ఫోటోలూ చెరిపేశాను. చేతుల వాసన మాత్రం ఎన్నిసార్లు కడిగినా పోలేదు.